పిల్లి కంట్లో ఒక చుక్క

1966 జూన్‌లో బొంబాయి దగ్గర భివండిలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబొరేటరీ టెక్నీషియన్‌గా చేరాను. కరీంనగర్ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, పెళ్లయి, భివండిలోనే తెలుగు నేతపనివాళ్లు ఉండే కామత్‌ఘర్‌కు వచ్చిన రెండో ఏట దొరికిన ఉద్యోగం అది. ల్యాబొరేటరీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం, బండ పరిచిన బల్ల, అంతే. హోదా ప్రకారం నా పైన మెడికల్ ఆఫీసరు, నా కింద ఎవరూ లేరు. కాంపౌండరు నాకు సమానం. ఆయన మాత్రం నాకు పైవాడిననే అనుకునేవాడు. రోగులందరూ నన్ను నర్సమ్మ అనేవారు. నేను నర్సును కానని మొదటి ఏడాదంతా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేశాను.

మలేరియా స్లైడులు, కఫం, మూత్రంలో చక్కెర, ఇవి నా రోజువారీ పనులు. వీటితో పాటు పోలీసు నమూనాలనే గొడవ ఒకటి ఉండేది. ఆ రోజుల్లో మహారాష్ట్రలో పర్మిట్ లేకుండా తాగడం నేరం. తాగినట్టు అనుమానం వచ్చిన మనిషిని హవల్దారు ఆసుపత్రికి తీసుకొస్తాడు. డాక్టరు అతని నడక, మాట, కళ్లు, నోటి వాసన చూసి ఫారం నింపుతాడు. తర్వాత ఐదు సీసీల రక్తం తీసి, చెడిపోకుండా మందు వేసిన చిన్న సీసాలో పోసి, లక్కతో సీలు వేసి, బొంబాయిలోని ప్రభుత్వ రసాయన పరీక్షాధికారి కార్యాలయానికి పంపాలి. ఫలితం కొన్ని వారాలకు వస్తుంది. మా దగ్గర తేల్చేదేమీ లేదు. తీసిన దాన్ని పాడుచేయకుండా పంపడమే మా పని. ఆ ఒక్క పని చేయడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. రోగి బంధువులు, పోలీసులు, మా సొంత సిబ్బంది, అందరూ సాయం చేస్తున్నామనుకుంటూనే దాన్ని పాడుచేసేవారు.

1968 మార్చిలో ఒక సోమవారం, ఉదయం పది గంటలప్పుడు కొమురయ్యను తోపుడు బండి మీద తెచ్చారు. ముప్పై ఏళ్ల మనిషి. కామత్‌ఘర్‌లో ఒక సేటు కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఏడు గంటలకు మామూలుగానే పనిలో దిగాడట. తొమ్మిది దాటాక తూలుతూ, ఏదేదో మాట్లాడుతూ, నడుస్తున్న సాంచెల మధ్యకు పోయి చేతులు పెట్టబోయాడట. కార్ఖానా పెత్తనం చేసే ముకద్దం కూడా మా తెలుగువాడే. అతను వెనక్కి లాగితే కొమురయ్య పడి నుదురు చీరుకుంది. రేపు కాలో చెయ్యో పోయిందని తన మీదకు వస్తారని భయపడ్డ సేటు, మనిషిని ఆసుపత్రికి పంపకముందే పోలీసులకు కబురు పెట్టాడు. అందుకే బండి వెనకే హవల్దారు కూడా వచ్చాడు.

ముకద్దం సాక్ష్యం సిద్ధంగా ఉంది. "రోజూ తాగుతడమ్మ గీయిన. ఇయ్యాల జెర ఎక్కువైనట్టుంది" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు. కొమురయ్య తాగుతాడని కామత్‌ఘర్ గల్లీలన్నిటికీ తెలుసు.

కాంపౌండరు నుదుటి గాయాన్ని స్పిరిట్‌తో కడిగి కట్టు కట్టాడు. తర్వాత డాక్టరు వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ బయట నూరు మంది నిలబడి ఉన్నారు. ఎర్రటి ముఖం చూశారు, తడబడే మాట విన్నారు, స్పిరిట్ వాసన తగిలింది. ఆ వాసన కట్టులోంచి వస్తోందని ఆయనకు తట్టలేదు. 'తాగి ఉన్నాడు' అని ఫారంలో రాసి సంతకం పెట్టారు. హవల్దారు తన కాపీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇక కాంపౌండరు నా గదికి వచ్చి రక్తం సీసా బల్ల మీద పెట్టి, సీలు వేయమన్నాడు. చేయి దేనితో తుడిచి రక్తం తీశావని అడిగాను. స్పిరిట్‌తోనే, ఇంక దేనితో తుడుస్తారన్నాడు. తాగాడో లేదో తేల్చడానికి రక్తం తీసే ముందు చర్మం మీద స్పిరిట్ రాయకూడదు, సబ్బు నీళ్లతో కడగాలి. స్పిరిట్ కూడా సారాయి జాతిదే, సూదితో పాటు అదీ సీసాలోకి పోతుంది. ఈ నియమాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది నేనే. ఆ కాగితం కింద నిలబడే ఆయన నాకు ఆ జవాబు చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ సీసాకు సీలు వేయనని చెప్పేశాను. ఆయన వెళ్లి డాక్టరుకు ఫిర్యాదు చేశాడు. డాక్టరు విసుక్కుని, అంత పట్టింపు ఉంటే మేరీబాయినే, అంటే నన్నే, మళ్లీ తీసుకోమను అన్నారు. ఆ విసుగే మేలు చేసింది. లేకపోతే నేను ఆ మనిషిని చూసేదాన్నే కాదు.

సబ్బు, నీళ్లు, కొత్త సూది పట్టుకుని వార్డుకు వెళ్లాను. కొమురయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎక్కడో పెట్టి, రెండు చేతుల వేళ్లతో గాలిలో ఏదో లాగుతున్నాడు, ముడి వేస్తున్నాడు, మళ్లీ లాగుతున్నాడు. ముకద్దం పక్కన నిలబడి చూస్తున్నాడు. ఇదెంతసేపటి నుంచి అని అడిగాను.

"పొద్దటి సంది గదే పని. పోగులు అతుకుతుండమ్మ. ఎంత తాగినా చేతులు పని మరుస్తలెవ్వు" అన్నాడు, కొంచెం గర్వంగా కూడా.

నేను మిషన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఉమ్మెత్త కాయలు తిన్న పిల్లలను ఇద్దరు ముగ్గురిని చూశాను. మా పాఠ్యపుస్తకంలో ఉమ్మెత్త విషానికి గుర్తుగా ఒక వాక్యం ఉండేది: రోగి వేళ్ల చివరల నుంచి లేని దారాలను లాగుతాడు. పరీక్షకు దాన్ని అందరం బట్టీ పట్టాం. ఆ వాక్యం రాసిన పెద్దమనిషి సాంచెల ఊరికి ఎప్పుడూ వచ్చి ఉండడు. ఇక్కడ దారాలు లాగే చేతులు చూసి ఎవరూ జబ్బనుకోరు. కార్ఖానాలో గంట సేపు ఆయన గాలిలో పోగులు అతుకుతుంటే చుట్టూ ఉన్నవాళ్లందరూ పని చేస్తున్నాడనే అనుకున్నారు. ఊళ్లో అంతమంది నేతగాళ్లు ఉండీ, ఒక్కడికీ ఆ చేతుల్లో పోగు లేదని తోచలేదు.

కళ్లు చూశాను. గోధుమ రంగు సన్నటి అంచుగా మాత్రమే మిగిలి, నల్లటి కంటిపాప కన్నంతా పరుచుకుని ఉంది. నాలుక ఎండిపోయింది. అందరం చెమటతో ముద్దయిపోతున్న ఆ వేడిలో ఆయన ఒంటి మీద చెమట చుక్క లేదు. తాగినవాడికి ఇట్లా ఉండదు. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, రెండో చేతి నుంచి రక్తం తీసుకుని డాక్టరు దగ్గరకు పరుగెత్తాను.

డాక్టరును ఇక్కడ మెచ్చుకోవాలి. చిన్నబుచ్చుకోలేదు. టార్చి వేసి కళ్లు చూశారు, నాడి చూశారు, పొట్ట నొక్కి చూసి మూత్రం నిలిచిపోయిందని గమనించారు. వెంటనే కడుపు కడిగించి, రబ్బరు గొట్టం వేసి మూత్రం తీయించారు. రెండింటిలోనూ మొదట వచ్చింది నేను సీసాల్లో పట్టుకున్నాను. అయితే ఫారం? అది అప్పటికే హవల్దారు జేబులో ఉంది. దిద్దాలంటే ఆధారం కావాలి. బొంబాయి నుంచి కాగితం వచ్చేదాకా కొమురయ్య లెక్క ప్రకారం తాగుబోతే. జైలు తప్పకపోవచ్చు. సేటు అప్పుడే ముకద్దంతో, కేసు పడితే సాంచెలు ఇంకొకరికి ఇచ్చేస్తానని చెప్పి పంపాడట. సాంచెలు పోతే సేటు ఇచ్చిన ఖోలి కూడా పోతుంది. ఆ ఒంటి గది ఇంట్లో ఆయన భార్య లచ్చవ్వ, నాలుగేళ్ల కూతురు, పుట్టి ఇరవై రోజులైనా కాని కొడుకు ఉన్నారు.

ఈలోగా ఇంటివాళ్లు వచ్చారు. లచ్చవ్వ పసివాడిని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడింది. ఆమె తల్లి రాజవ్వ బిడ్డ కాన్పు చేయడానికి ఊరి నుంచి వచ్చి ఉంది. గుండెలు బాదుకుంటూ ఆమే అందరికంటే పెద్దగా అరుస్తోంది. "మందు వెట్టిన్రమ్మా! నా అల్లునికి ఎవలో మందు వెట్టిన్రు!" అని. తిండిలోనో తాగేదాంట్లోనో తెలియకుండా ఏదో కలిపి ఇవ్వడాన్ని మావైపు మందు పెట్టడం అంటారు. చుట్టూ చేరినవాళ్లు అప్పుడే అనుమానితుల పేర్లు కూడా చెప్పడం మొదలుపెట్టారు. పక్క సాంచెలవాడు, పాత ముకద్దం, చాయ్ దుకాణంవాడు, ఎవరినీ వదల్లేదు.

పొద్దున ఏం తాగాడని అడిగాను. ఇంట్లో ఒక గ్లాసు చాయ్ అన్నారు. అయితే ఆ గ్లాసును, చాయ్ కాచిన గిన్నెను, అడుగున మిగిలిన పొడిని కడగకుండా ఉన్నవి ఉన్నట్టు తెమ్మన్నాను. కడగకుండా అని మూడుసార్లు చెప్పాను. రాజవ్వ నేనే పోతానని లేచి, గంటలో తిరిగి వచ్చింది. గ్లాసు తళతళ మెరుస్తోంది. బూడిదా చింతపండూ పెట్టి తోమి తెచ్చింది. గిన్నె కూడా అంతే. ఎందుకు కడిగావని అరిచాను.

"దవాఖానకు ఎంగిలి గ్లాసు ఎట్ల తెస్తనమ్మ? పెద్ద డాక్టరు సూస్తె ఏమనుకుంటడు?" అంది.

నేను నమ్మాను. మా ఆడవాళ్ల సంగతి నాకు తెలుసు కదా. మూత్రం తెమ్మంటే సీసాను గంజినీళ్లతో కడిగి తెచ్చేవాళ్లు, కఫం తెమ్మంటే పుక్కిలించి ఉమ్మి తెచ్చేవాళ్లు. ఆ శుభ్రతను తిట్టుకుని గ్లాసు పక్కన పడేశాను.

ఇక మిగిలింది మూత్రం. ఉమ్మెత్త విషానికి మా స్థాయి ల్యాబులో చేయగల పరీక్ష ఒకటే ఉండేది. దానికి రసాయనాలు అక్కర్లేదు, పిల్లి కావాలి. రోగి మూత్రం ఒక చుక్క పిల్లి ఒక కంట్లో వేసి, రెండో కంటిని అట్లాగే వదిలి, కొంతసేపటికి వెలుతురులో రెండూ పోల్చి చూడాలి. విషం ఉంటే చుక్క వేసిన కన్ను మాత్రం విప్పారి ఉండిపోతుంది. ఇది కోర్టులో చెల్లదు. డాక్టరుకు నమ్మకం కలగడానికి చాలు.

పిల్లి కోసం పడ్డ తిప్పలు ఇప్పుడు తలుచుకున్నా చిరాకేస్తుంది. మామూలు రోజుల్లో నా గదిలో దూరి సీసాలు దొర్లించే వంటగది పిల్లి ఆ రోజు కనబడలేదు. ఆయా ఎండు చేప ముక్క చూపించి దాన్ని పట్టుకునేసరికి మధ్యాహ్నం అయింది. తువ్వాలులో చుట్టి ఆమె పట్టుకుంటే నేను చుక్క వేశాను. నా మణికట్టు మీద నాలుగు గీతలు పడ్డాయి. పిల్లిని గంపకింద మూసి వేచి చూశాం. కాంపౌండరు తలుపు దగ్గర నిలబడి, ఇక ఈ ల్యాబుకు పాలు కూడా మంజూరు చేయించాలని డాక్టరుతో నవ్వుతూ అన్నాడు. అర్ధగంట తర్వాత గంప తీసి పిల్లిని కిటికీ దగ్గర వెలుతురుకు తిప్పాం. ఒక కన్ను సన్నటి గీత. రెండోది గుండ్రంగా, నల్లగా తెరుచుకుని ఉంది. కాంపౌండరు నవ్వు ఆగిపోయింది. డాక్టరు కాగితం అడిగి, ఉమ్మెత్త విషమని అనుమానం ఉన్నట్టు పోలీసులకు రెండో నివేదిక రాశారు.

మర్నాడు ఉదయానికి కొమురయ్యకు తెలివి వచ్చింది. ముందు రోజు ఏదీ గుర్తు లేదు. వార్డులో మంచాల మీదున్న వాళ్లలో సగం మంది తెలుగువాళ్లే. చూడటానికి వచ్చినవాళ్లు మరో పది మంది. లచ్చవ్వ, రాజవ్వ మంచం పక్కనే ఉన్నారు. పక్క సాంచెలవాడే పెట్టాడని, వాణ్ని ఊరికే వదలకూడదని ఎవరో గట్టిగా అంటున్నారు. ఇంట్లో చాయ్ తప్ప ఇంకేదైనా తాగావా అని కొమురయ్యను అడిగాను. ఏమీ లేదన్నాడు. పొద్దున బీడీ కూడా కాల్చలేదన్నాడు.

స్పిరిట్, ఫారం, తోమిన గ్లాసు, పిల్లి, అన్నీ కలిసి రెండు రోజులుగా నా లోపల ఉడుకుతున్నాయి. దానికి తోడు, అందరూ కాదన్న దాన్ని నేను నిరూపించానన్న గర్వం. వార్డంతా వినబడేలా అనేశాను: "అయితే బయట ఎవరినీ వెతక్కండి. మందు పెట్టింది మీ ఇంట్లోనే. చాయ్‌లోనే పెట్టారు!"

కొమురయ్య తల తిప్పి భార్య వైపు చూశాడు. లచ్చవ్వ అతని వైపు చూడలేదు, తల్లి వైపు చూసింది.

రాజవ్వ నా వెనకే గదికి వచ్చి కింద కూర్చుంది. వరాలా తలావ్ అనే చెరువు గట్టు మీద గుడ్డ పరుచుకుని వేర్లు, చూర్ణాలు అమ్మేవాడి దగ్గర తాగుడు మాన్పించే పొడి తీసుకుందట. "బిడ్డ బాలెంతరాలు. వీడు రోజూ తాగొచ్చుడు, అది ఏడ్సుడు. సూడలేకపోయిన. చిటికెడు ఎయ్యిమన్నడు. నేను ఊరికి పొయ్యేలోపట మానాలె అని చెంచెడు ఏసిన" అంది. లచ్చవ్వకు తెలుసా అని అడిగాను. తెలియదని ఒట్టు పెట్టుకుంది. గ్లాసు తోమింది మర్యాద కోసం కాదని అప్పుడు నాకు అర్థమైంది.

అక్కడి నుంచి కథ తలకిందులైంది. తాగడం చిన్న నేరం. మనిషికి తెలియకుండా మత్తుమందు కలిపి ఇవ్వడం పెద్ద నేరం, ఏళ్ల తరబడి జైలు. నిన్న మందు పెట్టారని అరిచినవాళ్లందరూ ఇవాళ నా గది ముందు నిలబడి, తాగాడనే రాయమని బతిమాలడం మొదలుపెట్టారు. చివరికి కొమురయ్యే గోడ పట్టుకుని నడిచి వచ్చాడు.

"నేను తాగిన్నని రాయి నర్సమ్మ. జైలుకు నేనే పోత. ముసల్దాన్ని తీస్కపోతె ఇంట్ల బాలెంతను ఎవలు సూస్తరు?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నేను రాసేది ఏముంది? సీసా మీద పేరు, తేదీ, గంట. మిగతాది బొంబాయివాళ్లు రాస్తారు. ఆ మాటే చెప్పి, అతని ముందే మూడు సీసాలకూ సీలు వేసి హవల్దారుకు అప్పగించాను. అందులో నేను తప్పు చేయలేదని ఇప్పటికీ అనుకుంటాను.

కొన్ని వారాలకు నివేదిక వచ్చింది. రక్తంలో సారాయి లేదు. కడుపు కడిగిన నీటిలో, మూత్రంలో ఉమ్మెత్త విషం ఉంది. తాగిన కేసు ఎత్తేశారు. రెండో దాని మీద హవల్దారు విచారణకు వస్తే, తాగుడు మానాలని నేనే కొనుక్కుని నేనే వేసుకున్నానని కొమురయ్య వాంగ్మూలం ఇచ్చాడు. హవల్దారు నమ్మలేదు కానీ రాసుకున్నాడు. రాజవ్వ అప్పటికే బిడ్డనూ పసివాడినీ వదిలి ఊరికి వెళ్లిపోయింది. సాంచెలు చేజారలేదు, ఖోలీ పోలేదు. అంతా మంచే జరిగిందని డాక్టరు నన్ను మెచ్చుకున్నారు కూడా.

వానలు మొదలయ్యాక పసివాడికి జ్వరమని లచ్చవ్వ కబురు పెడితే, స్లైడు తీసుకోవడానికి వాళ్ల ఖోలికి వెళ్లాను. కొమురయ్య అప్పుడే పని నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లచ్చవ్వ చాయ్ కాచి మొదటి గ్లాసు నాకిచ్చింది. రెండో గ్లాసు నింపి, అతనికి ఇవ్వకుండా తన నోటికి పెట్టుకుని, రెండు గుక్కలు తాగి, చెంగుతో అంచు తుడిచి అప్పుడు అందించింది. అతను ఆమె తాగేదాకా చూశాడు, తర్వాత తీసుకున్నాడు. భర్త ఎంగిలి భార్య తినడం చూశాను కానీ, ఇది నేనెక్కడా చూడలేదు.

గల్లీ చివరి దాకా నాతో వచ్చి, లచ్చవ్వ తల వంచుకుని చెప్పింది. "పోలీసుల ముంగట మమ్ములను కాపాడిండమ్మ. ఇంట్ల మాత్రం నేను ఎంగిలి జేసి ఇస్తేనే నోట్లె వెడ్తడు. బువ్వయినా గంతే. నాకు ఎర్కలేదని నా పిల్లల మీద ఒట్టేసిన. నమ్ముతలేడు. నువ్వు గంత మందిల చెప్తివి గద, ఇంట్లనే వెట్టిన్రని."

ఆ చాయ్‌లో ఏముందో నేను కనుక్కున్నాను. ఎవరు కలిపారో తెలియకముందే ఇల్లు మొత్తాన్ని దోషిని చేసి మాట్లాడాను. ఆ మాటను ఏ డాక్టరూ అడగలేదు, ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. అందరి పొరపాట్లకూ ఒంటికాలి మీద లేచిన నేను, నా పొరపాటు ఆమె చెప్పేదాకా గమనించలేదు.

ల్యాబులో పనిచేసేవారికి ఆ కేసు నుంచి నేను చెప్పగలిగింది ఇదే. నమూనాలో ఏముందో తెలిస్తే అంతవరకే చెప్పాలి. అదీ పరీక్ష అడిగిన డాక్టరుకే, కాగితం మీదే చెప్పాలి. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఉద్యోగం చేశాను. రోగి మంచం పక్కన నిలబడి ఒక్క ఫలితం కూడా నోటితో చెప్పలేదు. లచ్చవ్వ ఎంగిలి చేసి ఇవ్వడం ఎప్పుడు మానిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు.